అడిగిన ప్రతివాడికీ ఇవ్వమన్నాడు, అడిగినదంతా ఇవ్వమనలేదు

వందనాలు. ముందు మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నట్టు చెబుతాను. మీతో కలిసి వ్యాపారం చేసిన వ్యక్తి ఉమ్మడి సొమ్ము వాడేసుకున్నాడు. పైగా మోసం చేసింది మీరేనని పదిమందిలో చెప్పాడు. సొమ్ము కోసం మీరు వేసిన దావా నడుస్తోంది. ఇప్పుడు అతని భార్యకు ఆపరేషన్ అవసరమై మిమ్మల్నే డబ్బు అడిగాడు. సంఘంలో ఒకరు “నిన్నడుగు ప్రతివానికిని ఇమ్ము” అనే లూకా 6:30 చూపించి, అడిగాడు కాబట్టి ఇవ్వాల్సిందే, దావా కూడా వెనక్కి తీసుకోవాల్సిందే అన్నారు. ఇంకొకరు, ఇవ్వండి, దేవుడు నూరంతలు తిరిగిస్తాడు అన్నారు. అతని పేరు వింటేనే మీకు మండిపోతోంది. ఇందులో విధేయత ఏది, అమాయకత్వం ఏది అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే: ఆపరేషన్‌కు మీ చేతనైనంత సాయం చేయండి. అప్పుగా కాదు, దానంగా ఇవ్వండి. అతని చేతికి కాదు, ఆసుపత్రికే కట్టండి. దావా సంగతి వేరే నిర్ణయం, ఈ సాయంతో దాన్ని ముడిపెట్టవద్దు. కోపం చల్లారేదాకా ఆగనక్కర్లేదు, ఈ పని కోపంతో ఉండగానే చేయవచ్చు. నూరంతల మాటను మాత్రం లెక్కలోంచి పూర్తిగా తీసేయండి.

ఇక కారణాలు. లూకా 6:27-28లో యేసు “మీ శత్రువులను ప్రేమించుడి” అని ఊరుకోలేదు. వెంటనే మరో మూడు క్రియలు చెప్పాడు: ద్వేషించేవారికి మేలు చేయండి, శపించేవారిని దీవించండి, బాధించేవారి కోసం ప్రార్థించండి. ప్రేమించడమంటే ఏమిటో ఆ మూడూ విప్పి చెబుతున్నాయి. ఒకటి చేతితో చేసేది, ఒకటి నోటితో, ఒకటి మోకాళ్ల మీద. ఫలానావాడి మీద మీకు ఇష్టం కలగాలి అన్న మాట వాటిలో ఎక్కడా లేదు. ఇష్టం ఆజ్ఞాపిస్తే వచ్చేది కాదు, పని అయితే ఆజ్ఞాపించవచ్చు. “నాలో ప్రేమ పుట్టడం లేదు, నేను విశ్వాసినేనా” అని కుమిలిపోయేవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. మీకు మండుతోందన్నది పాపపు ఒప్పుకోలులా రాశారు. ఆ మంట ఉండగానే అతని భార్య మందుల చీటీ గురించి ఆలోచించారంటే, ఆజ్ఞ మొదలైనట్టే.

ఇది యేసుతోనే మొదలైన బోధ కూడా కాదు. శత్రువు ఎద్దో గాడిదో తప్పిపోయి కనబడితే తోలుకెళ్లి అప్పగించాలని, పగవాడి గాడిద బరువు కింద పడిపోతే లేవనెత్తడానికి సాయపడాలని నిర్గమకాండము 23:4-5 ముందే చెప్పింది. మత్తయి 5:43లో కనిపించే “నీ శత్రువును ద్వేషించుము” అన్న మాట పాత నిబంధనలో ఎక్కడా లేదు. లేవీయకాండము 19:18లో ఉన్నది పొరుగువాణ్ణి ప్రేమించమనే. ద్వేషం మనుషులు దానికి కలుపుకున్నది. మృత సముద్రం దగ్గర కుమ్రానులో దొరికిన ఒక యూదు సమాజపు నియమావళి వెలుగు కుమారులను ప్రేమించి చీకటి కుమారులను ద్వేషించమని నిజంగానే బోధించింది. యేసు మాట విన్నవాళ్ల చుట్టూ అలాంటి గాలి వీస్తూ ఉండేది.

అయితే ఆయన చెప్పిన కారణం కొత్తగా ఉంటుంది. శత్రువు మారతాడని కాదు, మీ మనసుకు హాయిగా ఉంటుందనీ కాదు. దేవుడు కృతజ్ఞత లేనివారికీ దుష్టులకూ మేలు చేస్తాడు గనుక మీరూ ఆ తండ్రి పోలికలో ఉండండి అంటాడు (లూకా 6:35). ఎండా వానా మంచివాడి చేనూ చెడ్డవాడి చేనూ చూసి పడవు (మత్తయి 5:45). కాబట్టి మీ సాయం తరువాత అతను మారకపోతే ఆ సాయం ఓడిపోయిందని అనుకోనక్కర్లేదు.

చెంప చూపించడం గురించి. మీకు ఆ వాక్యం కూడా చూపించారని రాశారు. కుడి చెంప మీద కొట్టినవాడికి రెండో చెంప కూడా తిప్పమని మత్తయి 5:39 అంటుంది. “కుడి” అన్న మాట గమనించండి. ఎదురుగా నిలబడి కుడి చేతితో కొడితే అరచేయి పడేది ఎడమ చెంప మీద. కుడి చెంపకు తగలాలంటే చేతి వెనుక భాగంతో కొట్టాలి. అది గాయపరచే దెబ్బ కాదు, అవమానించే దెబ్బ. సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చిన యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో చెంపదెబ్బకు 200 జూజ్‌లు (వెండి నాణేలు), చేతి వెనుక భాగంతో కొడితే 400 జూజ్‌లు జరిమానా. అవమానానికి రెట్టింపు అన్నమాట. ఆ అవమానానికి బదులు తీర్చుకోవద్దు అన్నది ఇక్కడి మాట. ప్రాణం మీదికి వచ్చినవాడికి మెడ అప్పగించమని కాదు.

అవమానం జరిగినప్పుడు నిజం చెప్పకూడదని కూడా కాదు. ప్రధాన యాజకుని ఎదుట బంట్రౌతు కొట్టినప్పుడు యేసు రెండో చెంప తిప్పలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేమిటో చెప్పు, మంచి మాటే అయితే ఎందుకు కొడుతున్నావు అని అడిగాడు (యోహాను 18:23). తిరిగి కొట్టలేదు, నోరు మూసుకోనూ లేదు. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణంలో, విచారణ లేకుండా రోమా పౌరులను బహిరంగంగా కొట్టించి ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, ఆ అధికారులే వచ్చి మమ్మల్ని వెలుపలికి తీసుకెళ్లాలి అన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). తరువాత రోమా చక్రవర్తి కైసరుకు అప్పీలు కూడా చేసుకున్నాడు (25:11). చట్టం గడప తొక్కడమే శత్రుప్రేమకు విరుద్ధం అనేవాళ్లు ఈ వచనాలను దాటేసి పోతున్నారు.

“నిన్నడుగు ప్రతివానికిని ఇమ్ము.” ఈ మాట మీద పదహారు వందల ఏళ్ల నాడే సంఘ బోధకుడు అగస్టీను ఒక చిన్న వివరణ రాశాడు: అడిగే ప్రతివాడికీ ఇవ్వమంది గాని, అడిగినదంతా ఇవ్వమనలేదు. న్యాయంగా, మంచిగా ఇవ్వగలిగినది ఇవ్వాలి. అడిగింది ఇవ్వలేనప్పుడు ఎందుకు ఇవ్వడం లేదో చెప్పి పంపినా వట్టి చేతులతో పంపినట్టు కాదు. ఇది తప్పించుకునే సాకు కాదు. ఎవరినీ పురుగులా విదిలించవద్దు అన్నది అలాగే ఉంది. కానీ ఏం ఇవ్వాలో తేల్చే బాధ్యత ఇచ్చేవాడి మీదే ఉంది. అపొస్తలుల అనంతర కాలపు తొలి గ్రంథాల్లో ఒకటైన దిదాఖే, అడిగినవారికి ఇమ్మని చెప్పిన చోటే, ఎవరికి ఇస్తున్నావో తెలిసేదాకా నీ దానం నీ చేతుల్లో చెమట పట్టనివ్వు అని కూడా అంటుంది. అవసరం లేకుండా పుచ్చుకున్నవాడు లెక్క చెప్పాల్సి వస్తుందని హెచ్చరిస్తుంది.

మీ విషయంలో అవసరం నిజమా అన్నది తేలికగానే తెలుస్తుంది. ఆసుపత్రి ఇచ్చిన అంచనా కాగితం అడగండి. అది అడగడం అపనమ్మకం కాదు. పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు తన మీదే ఎవరూ తప్పు మోపకుండా సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట తీసుకెళ్లాడు (2 కొరింథీయులకు 8:18-21). అపొస్తలుడే తన మీద లెక్కల కాపలా పెట్టుకుంటే, మోసపోయిన మీరు ఒక కాగితం అడగడంలో తప్పు లేదు.

ఎంత ఇవ్వాలి? కొత్త నిబంధనలో దీనికి శాతం లేదు. పదో వంతు అని ఠక్కున చెప్పేవారు ధర్మశాస్త్రంలో దశమ భాగాలు ఒకటి కాదన్న సంగతి చూడాలి: దేవుని సేవకు నియమించిన లేవీయులకు ఒకటి (సంఖ్యాకాండము 18), పండుగలో తిని సంతోషించడానికి ఒకటి, మూడో ఏట పరదేశులకూ తండ్రి లేనివారికీ విధవరాండ్రకూ ఒకటి (ద్వితీయోపదేశకాండము 14). ఇవన్నీ వేర్వేరా, కలిసినవా అన్న చర్చ పాతదే. కొత్త నిబంధనలో పన్నులు వసూలు చేసే జక్కయ్య తన ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు. ధనవంతుడైన అధికారిని యేసు అంతా అమ్మి ఇవ్వమన్నాడు. కొరింథువారితో పౌలు, ఎవరు ఎంత నిశ్చయించుకుంటే అంత, సణుగుతూ వద్దు, బలవంతంగా వద్దు అన్నాడు. తొలినాటి క్రైస్తవ రచయిత తెర్తుల్లియను క్రీ.శ. 197లో క్రైస్తవుల తరఫున రాసిన రక్షణ వాదంలోనూ సంఘపు పెట్టెలో నెలకోసారి ఎవరికి తోచింది వారు, ఇష్టమైతేనే, వీలైతేనే వేస్తారని ఉంది.

కాబట్టి లెక్క మీరే వేసుకోవాలి. వరుస ఇలా ఉండాలి. మీరు ఎవరికైనా అప్పుంటే అది ముందు, ఎందుకంటే బాకీ సొమ్ముతో చేసే దానం ఇంకొకరి డబ్బుతో చేసే దానం. పనివాళ్ల జీతం బాకీ ఉంటే అది ఇంకా ముందు (యాకోబు 5:4 చదివితే భయం వేయాలి). ఆ తరువాత ఇల్లు. దేవునికి అర్పించామని చెప్పి తల్లిదండ్రులను వదిలేసిన ‘కొర్బాను’ దానాన్ని యేసు తిట్టాడు (మార్కు 7:11-13). వీటి తరువాత మిగిలినదాంట్లోంచి, కొంచెం నొప్పి పుట్టేంత. నొప్పే లేకపోతే అది మిగులు తీసి ఇవ్వడమే. ఇంట్లోవాళ్లకు నొప్పి పుట్టిస్తే అది మీ దానం కాదు, వాళ్ల దానం. మీ భార్యతో మాట్లాడకుండా మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఆ మోసం నష్టం ఆవిడ కూడా మోశారు.

“కలిగిన కొలదియే” అని 2 కొరింథీయులకు 8:12 అంటుంది. అదే అధ్యాయం మూడో వచనంలో మాసిదోనియ సంఘాలవారు శక్తికి మించి ఇచ్చారని మెచ్చుకుంటుంది. రెండూ నిజమే. శక్తికి మించి ఇవ్వాలనుకోవడం ఇచ్చేవాడి హక్కు, అలా ఇమ్మని ఒత్తిడి చేసే హక్కు ఇంకెవరికీ లేదు. తనకున్నదంతా దేవాలయపు కానుక పెట్టెలో వేసిన బీద విధవరాలి రెండు కాసులను వేదికల మీద ఎంత వాడుకుంటారో మీకు తెలుసు. ఆ రెండూ కలిపినా ఒక దేనారంలో, అంటే ఒక రోజు కూలిలో, 64వ వంతు. ఆ సంఘటనకు సరిగ్గా రెండు వచనాల ముందు (మార్కు 12:40) యేసు విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రులను, అంటే ధర్మశాస్త్ర బోధకులను, ఖండించాడు. ఆమె చేతిని పొగుడుతూ ఆ చేతిని ఖాళీ చేయించినవాళ్లను వదిలేస్తే ఆ వచనాన్ని సగమే చదివినట్టు.

అప్పుగా ఎందుకు వద్దు? లూకా 6:34-35 తిరిగి వస్తుందని ఆశించకుండా అప్పివ్వమంటుంది. ద్వితీయోపదేశకాండము 15లో ఏడో ఏట అప్పులు మాఫీ, ఆ ఏడు దగ్గరపడిందని పేదవాడికి అప్పు లేదనవద్దని హెచ్చరిక కూడా ఉంది. ఆ మాఫీకి భయపడి అప్పులు పుట్టకపోవడంతో, యూదు బోధకుడు హిల్లేలు ‘ప్రోజ్బూల్’ అనే పత్రం పద్ధతి తెచ్చాడని యూదు సంప్రదాయం. అప్పును న్యాయస్థానానికి అప్పగించి, మాఫీ వర్తించకుండా చేసేదది. యేసు దానికి పూర్తిగా ఎదురు దిక్కులో నడిపిస్తున్నాడు. మామూలు బుద్ధితో చూసినా, ఇప్పటికే ఒక బాకీ మీద దావా నడుస్తున్న మనిషికి రెండో అప్పు ఇస్తే, ఆపరేషన్ అయిన ఆరు నెలలకు మీ ఇద్దరి మధ్య రెండో శత్రుత్వం పుడుతుంది. పోయినా పరవాలేదనిపించే మొత్తం ఎంతో అంతే ఇవ్వండి, ఇచ్చినరోజే దాని మీద గీత గీసేయండి.

నూరంతల సంగతి. ఆ మాట మార్కు 10:30లోది. ఇల్లూ పొలమూ తనవాళ్లనూ వదిలి యేసును వెంబడించినవారికి చెప్పింది. “హింసలతో పాటు” అని ఆ వాక్యంలోనే ఉంది, అది వదిలేసి చదువుతారు. ఇక “ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును” (లూకా 6:38) అన్న మాట తీర్పు తీర్చవద్దు, క్షమించండి అన్న మాటల వెంటనే వస్తుంది. ధాన్యం కొలిచేవాడు కుంచాన్ని అణచి, కుదిపి, పైనుంచి పొర్లిపోయేలా నింపి ఒడిలో పోసే దృశ్యం అది. మీరు మనుషుల్ని ఏ కొలతతో కొలుస్తారో ఆ కొలతే మీకూ అని చెబుతోంది. దేవుడి ఉదారత మీద నమ్మకం ఉంచండి, తప్పకుండా ఉంచండి. కానీ తిరిగి వస్తుందని వేసిన డబ్బు పెట్టుబడి. తిరిగి ఇస్తాడని ఆశించి ఇస్తే పాపులకూ మీకూ తేడా ఏముందని అదే అధ్యాయం అడుగుతోంది.

దావా. ఇక్కడ తియ్యటి మాట చెప్పి తప్పించుకోలేను. లూకా 6:30 రెండో సగం, నీ సొత్తు ఎత్తుకుపోయినవాణ్ణి మళ్లీ అడగవద్దు అంటుంది. 1 కొరింథీయులకు 6:7 విశ్వాసుల మధ్య వ్యాజ్యాల గురించి, దానికంటే నష్టం ఎందుకు సహించకూడదు అంటుంది. వీటిని నీళ్లు కలిపి పలుచన చేయకూడదు. మీరు ఆ సొమ్ము వదులుకోగలిగితే, అది పూర్తిగా మీదే అయితే, ఈ వచనాల మొగ్గు వదిలేయడం వైపే ఉందని నా అభిప్రాయం.

కానీ మీరు రాసినదాన్ని బట్టి అందులో ఇద్దరు పనివాళ్ల జీతం బాకీ, మీ బావమరిది పెట్టిన డబ్బు ఉన్నాయి. ఇంకొకరి నష్టాన్ని మీరు క్షమించలేరు. ఆ భాగం రాబట్టడం వాళ్ల పట్ల మీ బాధ్యత. అతను కూడా విశ్వాసే గనుక మత్తయి 18:15-17 మెట్లు ఎక్కారా చూడండి. ఒంటరిగా వెళ్లి మాట్లాడటం మొదటిది. ఒకరిద్దరు సాక్షులతో వెళ్లడం రెండోది. సంఘానికి చెప్పడం మూడోది. చాలామంది మొదటి మెట్టు ఎక్కకుండా నేరుగా మూడోదానికి పోతారు, అక్కడ ఆ మనిషి పరువు పోయి ఇక వినడు. రెండో మెట్టు మీకు ఇప్పటికీ తెరిచే ఉంది. లెక్కలు తెలిసిన, ఇద్దరికీ చుట్టం కాని ఒక మనిషిని తీసుకెళ్లండి. అతను పనివాళ్ల సొమ్ము, బావమరిది సొమ్ము కట్టడానికి రాతపూర్వకంగా ఒప్పుకుంటే, మీ వాటా వదులుకుని రాజీ చేసుకోవడం వాక్యానికీ న్యాయానికీ రెండింటికీ సరిపోతుంది. ఆపరేషన్ జరిగే వారంలో మాత్రం ఈ సంగతి ఎత్తవద్దు. అవసరంలో ఉన్నవాడి చేత పెట్టించుకున్న సంతకం రేపు నిలబడదు, నిలబడకూడదు కూడా.

క్షమించడం వేరు, తిరిగి కలిసి వ్యాపారం చేయడం వేరు. తనను చంపాలని తరుముతున్న రాజు సౌలు ఏన్గెదీ గుహలో దొరికినప్పుడు దావీదు వస్త్రపు చెంగు కోశాడే గాని చేయి వేయలేదు. సౌలు ఏడ్చాడు, నువ్వే నీతిమంతుడివి అన్నాడు. అయినా దావీదు అతనితో వెళ్లలేదు, సౌలు ఇంటికి పోయాడు, దావీదు కొండస్థలానికి ఎక్కిపోయాడు (1 సమూయేలు 24:22). కన్నీళ్లను నమ్మి పగ వదిలాడు గాని ప్రాణాన్ని వాటికి అప్పజెప్పలేదు. 1569లో నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్‌లో డిర్క్ విల్లెమ్స్ అనే అనబాప్తిస్తు (శిశు బాప్తిస్మాన్ని ఒప్పుకోని క్రైస్తవుడు) చెర నుంచి తప్పించుకుని మంచు మీద పరుగెత్తుతుండగా, తరుముకొచ్చినవాడు మంచు పగిలి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కి వచ్చి అతన్ని పైకి లాగాడు, దొరికిపోయాడు, ఆ మే 16న కాల్చి చంపారు. శత్రుప్రేమకు అతన్ని చూపించేటప్పుడు ఒక సంగతి మరువకూడదు: అతను మొదట పారిపోయాడు. పారిపోవడం తప్పు కాదు. ఇంట్లో కొట్టే భర్త దగ్గర “ప్రేమించు” అని భార్యను ఉంచేసే సలహాలు ఈ బోధ పేరుతోనే వస్తాయి. అలాంటి చోట ముందు భద్రమైన చోటికి వెళ్లాలి, ఫిర్యాదు చేయాలి. ప్రార్థన అక్కడి నుంచి కూడా చేయవచ్చు.

ఇక రోజువారీ పని. ప్రార్థనలో అతన్ని పేరు పెట్టి, ఒక్క నిర్దిష్టమైన మేలు అడగండి: ఆవిడ ఆపరేషన్ బాగా జరగాలి, పిల్లల చదువు ఆగకూడదు. “అతన్ని మార్చు ప్రభువా” అనే ప్రార్థనతో మొదలుపెట్టవద్దు, అది చాలాసార్లు ఫిర్యాదుకే ప్రార్థన ముసుగు. మంట ఎక్కువగా ఉంటే 109వ కీర్తన చదవండి. అంత చేదు మాటలు దేవునికే చెప్పుకోవచ్చని బైబిలే చూపిస్తోంది. అక్కడ కక్కేసి, తరువాత ఆ ఒక్క మేలూ అడగండి.

దీవించడం అన్నదానికి గ్రీకులో ఉన్న మాటకు మూలార్థం మంచిగా పలకడం. మీకు దాని అర్థం ఏమిటంటే, ఈ మోసం కథ మీ భార్యకు, వకీలుకు, మధ్యవర్తికి తప్ప ఇంకెవరికీ చెప్పకపోవడం. పదోసారి చెప్పినప్పుడు గాయం పదోసారి తెరుచుకుంటుంది. అతను మీ మీద వేసిన నింద గురించి ఎవరైనా అడిగితే, “అది నిజం కాదు, లెక్కలు కోర్టులో ఉన్నాయి” అన్న ఒక్క వాక్యం చాలు. తల మీద నిప్పులు కుప్పపోయడం (రోమీయులకు 12:20) గుర్తుచేసి, సాయంతో అతన్ని సిగ్గుపడేలా చేయమని ఎవరైనా అంటే వినకండి. ఆ సిగ్గు, పశ్చాత్తాపం అతనిలో దేవుడు పుట్టించాల్సినవి. మీరు దాన్ని గురిపెట్టి ఇస్తే, అది అన్నంలో కలిపిన పగ.

డబ్బు కట్టేటప్పుడు ముందు మీ వకీలుకు ఒక మాట చెప్పండి, ఈ చెల్లింపును రేపు బాకీ ఒప్పుకోలుగానో రాజీగానో చూపించే అవకాశం లేకుండా. రసీదు మీ దగ్గర పెట్టుకోండి, సంఘంలో చెప్పకండి. అతనికి పంపే కబురు ఈ మాత్రం ఉంటే చాలు: “ఆపరేషన్ ఖర్చులో ఇంత ఆసుపత్రిలో కట్టాను. ఇది అప్పు కాదు, తిరిగి ఇవ్వనక్కర్లేదు. దావాకూ దీనికీ సంబంధం లేదు, ఆ సంగతి ఆవిడ కోలుకున్నాక మాట్లాడుకుందాం. ఆపరేషన్ ఎన్ని గంటలకో చెప్పండి, ఆ టైముకు ఇంట్లో ప్రార్థన చేసుకుంటాం.”